సోలార్ గీజర్‌కు సూర్యఘర్ సబ్సిడీ వస్తుందా?

‘సోలార్ పెట్టిస్తే ప్రభుత్వం డబ్బిస్తుందట కదా!’ వేడినీళ్ల కోసం సోలార్ గీజర్ కొనబోయేవాళ్లు చాలామంది ఈ ధీమాతోనే అడ్వాన్సు కట్టేస్తారు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో ఏ వస్తువుకు సబ్సిడీ ఉందో ముందే చూసుకోకపోతే వేల రూపాయలు నష్టపోతాం.

అపోహ: సోలార్ పరికరం ఏదైనా సబ్సిడీ వస్తుంది.

వాస్తవం: 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్, కరెంటు పుట్టించి గ్రిడ్‌కు కలిపే డాబా మీది ప్యానెళ్లకే వర్తిస్తుంది. ఎండ వేడితో నేరుగా నీళ్లు కాచే సోలార్ గీజర్‌కు ఇందులో పైసా రాదు. అలాగని ఈ అపోహ గాలిలోంచి పుట్టలేదు. జాతీయ సోలార్ మిషన్ కింద సోలార్ గీజర్లకు కేంద్రం ఒకప్పుడు సబ్సిడీ ఇచ్చేది. 2014లో ఆపేసింది. అప్పట్లో అందుకున్నవాళ్ల మాట ఇంకా చెలామణిలో ఉంది.

అపోహ: సబ్సిడీ లేకపోతే సోలార్ గీజర్ దండగ.

వాస్తవం: కాదు. ముగ్గురు నలుగురున్న ఇంటికి వంద లీటర్లది సరిపోతుంది, ఎండ మనకు కొదవ లేదు. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువైతే గొట్టాల్లో పొర పేరుకుంటుంది కాబట్టి, ఏ రకం నప్పుతుందో ముందే అడగండి.

అపోహ: సూర్యఘర్‌లో అందరికీ రూ.78 వేలు.

వాస్తవం: ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండింటికి రూ.60 వేలు, మూడు, ఆపైన ఎంతైనా రూ.78 వేలే.

అపోహ: ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంటే చాలు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ప్యానెల్‌ను మన దేశంలో బిగించినా, లోపలి సెల్ విదేశానిదైతే సబ్సిడీ రాదు. సెల్, ప్యానెల్ రెండూ ఇక్కడే తయారవ్వాలి. వ్యాపార భాషలో వీటిని డీసీఆర్ ప్యానెళ్లంటారు. ఇవి కాస్త ఖరీదు. పక్కవాడికంటే తక్కువకే పెడతానని ఎవరైనా అంటే, అవి డీసీఆర్ ప్యానెళ్లేనా అన్నది మొదటి ప్రశ్న కావాలి. కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి. బిగించేటప్పుడు ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాటరీకి విడిగా సబ్సిడీ లేదు. గ్రిడ్‌కు కలపకుండా బ్యాటరీ మీదే నడిచే సిస్టమ్‌కు అసలే లేదు.

అపోహ: సబ్సిడీ సంగతి వెండర్ చూసుకుంటాడు.

వాస్తవం: దరఖాస్తు కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి పేరునే జాతీయ పోర్టల్‌లో పెట్టాలి. వెండర్ కూడా ఆ పోర్టల్‌లో నమోదైనవాడే కావాలి. నెట్ మీటర్ బిగించి, డిస్కం తనిఖీ పూర్తయ్యాక సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. తాత పేరునో, పాత యజమాని పేరునో బిల్లు వస్తుంటే ముందు దాన్ని మార్పించుకోండి.

పోర్టల్‌లో వెండర్ పేరు, కొటేషన్‌లో డీసీఆర్ అన్న మాట మీ కళ్లతో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.