తల దువ్వే బ్రష్‌కూ ఒక ఆదివారం

పంపుకు, కంప్రెసరుకు, ట్రాన్స్‌ఫార్మరుకు నిర్ణీత కాలంలో నిర్వహణ జరగాలని మన సంస్థలో కొత్తగా చేరిన శిక్షణార్థికి కూడా తెలుసు. ఫిల్టరు పూర్తిగా మూసుకుపోయే వరకు మనలో ఎవరమూ వేచి ఉండము. తేదీ రాగానే విప్పి, శుభ్రపరచి, రిజిస్టరులో వ్రాసుకుంటాము. ఇంతటి క్రమశిక్షణ అలవడిన మనమే ప్రతి ఉదయం ఇంటిలో చేతపట్టే ఒక చిన్న పరికరాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోము. అది తల దువ్వుకునే బ్రష్. ఆ నిర్లక్ష్యానికి మేము చెల్లించిన మూల్యమే ఈ వ్యాసానికి కారణం.

మేము నివసిస్తున్న సూరత్ నగరం పరిశుభ్రతకు పేరు పొందినది. ఆ పేరు సులభంగా రాలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు ఊరు విడిచిపోయారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్.ఆర్. రావు, మన తెలుగువారు, అధికారులను ప్రతి ఉదయం వీధులలోకి పంపారు. 'ఏసీ నుండి డీసీకి' అన్నది ఆనాటి నినాదం. చల్లని గదుల నుండి దైనందిన పనులలోకి అని దాని భావం. విద్యుత్తుతో పరిచయమున్న మనకు ఆ మాట మరింత నచ్చుతుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానం పొందింది. ఏనాటి చెత్త ఆనాడే తీయడం, ఎదుటివారి వైపు వేలు చూపే ముందు మన ముంగిలి చూసుకోవడం ఈ నగరం నేర్పే పాఠాలు. రెండవ పాఠం మేము ఆలస్యంగా నేర్చుకున్నాము.

కొన్నేళ్ల క్రితం, మా అమ్మాయి మూడవ తరగతి చదువుతున్న రోజులలో, ఆమె తలపై రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. అక్కడ వెంట్రుకలు తెగిపోయి, పొట్టు రాలుతూ, దురద పెట్టేది. మరమగ్గాల పనికై తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో అనేకం. లింబాయత్‌లోని అటువంటి ఒక కుటుంబంతో మాకు ఉగాది వేడుకలలో స్నేహం కలిసింది. వారి మనుమరాలు, మా అమ్మాయి ఆదివారాలలో కలిసి ఆడుకునేవారు. మచ్చ కనబడగానే మా అనుమానం ఆ చిన్నారి మీదికే పోయింది. రెండు ఆదివారాలు ఏదో సాకు చెప్పి ఆ పాపను గేటు దగ్గర నుండే పంపివేశాము.

వైద్యులు పరీక్షించి అది తామర అన్నారు. శిలీంధ్రం వలన వచ్చే ఈ జబ్బు ఒకే దువ్వెనను పలువురు వాడితే ఒకరి నుండి మరొకరికి పాకగలదు. "మీ ఇంట్లో దువ్వెనలు ఎన్నండీ?" అని వారు అడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు. నలుగురికీ ఒకటే బ్రష్. సెలవులకు హాస్టలు నుండి వచ్చిన మా అబ్బాయి మెడ మీద అంతకు మునుపే అటువంటి మచ్చ ఉన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. ఇంటికి వచ్చి బ్రష్‌ను వెలుతురులో చూశాము. మొదళ్ల దగ్గర వెంట్రుకలు, నూనె, చుండ్రు, దుమ్ము కలిసి మందమైన పొరగా పేరుకొని ఉన్నాయి. వైద్యుల సలహాపై దానిని పారవేశాము. మచ్చ మానడానికి కొన్ని వారాలపాటు మందు మింగించవలసి వచ్చింది.

ఆ ఆదివారం మేమే లింబాయత్ వెళ్లి జరిగినది చెప్పుకున్నాము. పాప తాతగారు పూర్వం చేమగ్గం నేసినవారు. నూలుకు గంజి పట్టించే కుంచె గురించి ఆయన చెప్పిన మాట మాకు నేటికీ జ్ఞాపకం. "సారూ, కుంచెల గంజి ఎండిపోతె నూలు తెగుతది. పని అయినంక కడగాలె, మొన కిందికి పెట్టి ఆరేయాలె." ఇంతకు మించిన నిర్వహణ సూత్రం మేము ఏ మాన్యువల్‌లోనూ చదవలేదు.

పాటించవలసిన పద్ధతి

రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు రాలడం సహజం. దువ్వుకున్న వెంటనే వాటిని తీసివేయాలి. వారానికొకసారి, కనీసం రెండు వారాలకొకసారి, బ్రష్‌ను కడగాలి. ముందు చిక్కుకున్న వెంట్రుకలను కత్తెరతో వరుసల వెంబడి కత్తిరించి, దువ్వెన కొనతో పైకి లాగాలి. తరువాత గోరువెచ్చని నీటిలో కొద్దిగా షాంపూ కలిపి, పాత టూత్‌బ్రష్‌తో మొదళ్ల వరకు రుద్దాలి.

ప్లాస్టిక్ దువ్వెనను ఆ నీటిలో పది నిమిషాలు నానబెట్టవచ్చు. రబ్బరు మెత్త ఉన్న బ్రష్‌ను మాత్రం ముంచరాదు. మెత్తకు ఉండే చిన్న రంధ్రం గుండా నీరు లోపలికి చేరి బూజుకు తావిస్తుంది. దానిని ముఖం కిందికి పట్టుకొని, పళ్లను మాత్రమే తడిపి రుద్దాలి. కొయ్య పిడి, జంతు రోమాల కుచ్చు ఉన్నవాటికీ ఇదే నియమం. కడిగిన పిమ్మట విదిలించి, తువాలు మీద పళ్లు కిందికి ఉండేటట్లు నీడలో ఆరబెట్టాలి. వానాకాలంలో సూరత్ గాలిలో తేమ అధికం కనుక ఫ్యాను కింద రాత్రంతా ఉంచడం మేలు. తడి ఆరనిదే వాడరాదు.

పేలు ఉన్నప్పుడు ప్లాస్టిక్ దువ్వెనలను 54 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడినీటిలో ఐదు నుండి పది నిమిషాలు ఉంచాలి. అయితే పేలు ముఖ్యంగా తలకు తల తగిలినప్పుడు పాకుతాయి కనుక దువ్వెన కడిగినంత మాత్రాన సరిపోదు, తలకు చికిత్స కూడా అవసరం. నూనె రాసిన తలకు వేరే దువ్వెన ఉంచుకోవాలి. పళ్ల కొనలు ఊడినా, మెత్త పగిలినా ఆ బ్రష్‌ను మార్చివేయాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఎవరి దువ్వెన వారికే ఉండాలి.

మా ఇంటిలో ఇప్పుడు నాలుగు బ్రష్‌లు, వాటి పిడులపై నాలుగు పేర్లు. క్యాలెండరులో రెండు వారాలకొక ఆదివారం గుర్తు పెట్టి ఉంటుంది. ఆనాడు ఎవరి బ్రష్ వారే కడుగుతారు. ఇది గృహిణి ఒక్కరి పని కాదన్నది కూడా మేము ఆలస్యంగానే గ్రహించాము. ఈ పనికి పట్టేది పదిహేను నిమిషాలు. తోటి ఉద్యోగులు, వారి కుటుంబాలవారు ఈ ఆదివారమే తమ ఇంటి బ్రష్‌ను ఒకసారి వెలుతురులో పెట్టి చూడవలసినదిగా మా మనవి.