పట్టాదారు అను పదము – దాని యర్థము

శిస్తు రసీదులలోను పహాణీలలోను తరతరములుగా రైతుల కంటబడుచు వచ్చిన మాట పట్టాదారు. ఇది రెండు భాషల కలయికవలన బుట్టినది. సంస్కృతమున పట్టమనగా పలక, రేకు. దానశాసనములు చెక్కించిన రాగిరేకునకును, రాజు నొసట గట్టు బంగారు రేకునకును ఇదే పేరు. భూమినిగూర్చిన పత్రమునకు పట్టా యను పేరు దీనినుండియే వచ్చినది. దారు పారసీపదము, కలిగియుండువాడని యర్థము. జమీందారు, జాగీర్దారు, ఇనాందారు అను మాటల తోకయు నిదియే. కావున పట్టాదారనగా మాటకు మాటగా పత్రము గలవాడే గాని నేల గలవాడు గాడు. ఈ భేదము స్వల్పముగా దోచును గాని అనేక వ్యాజ్యములకు మూలమిదియే. (రైతు అను మాటయు అరబ్బీనుండి వచ్చినదే; కాపరి రక్షణలోనున్న వారని దాని మొదటి భావము. తెలుగు కాపు మాత్రము కాచువాడు!)

హైదరాబాదు సంస్థానమున మొదటి సాలార్‌జంగు కాలమున గుత్తదారుల పద్ధతి తొలగి, 1865లో జిల్లాబందీ ఏర్పడిన పిమ్మట సర్కారు రైతుతో నేరుగా వ్యవహరింపవలసి వచ్చెను. శిస్తు నెవరినడుగవలెనో తెలియుటకు ఒక పేరు కావలసియుండెను. 1317 ఫసలీ, అనగా 1907-08 నాటి భూమిశిస్తు చట్టము ప్రకారము, శిస్తు చెల్లించుటకు సర్కారునకు నేరుగా బాధ్యుడై, అట్లే దస్తావేజులలో పేరెక్కినవాడు పట్టాదారు. భూమి అతని స్వాధీనముననే యుండనక్కరలేదు. శిక్మీదారు ద్వారా నున్నను చాలును.

శికమనగా పారసీలో కడుపు. ఒకరి పట్టా కడుపున ఇమిడిన హక్కు గలవాడు శిక్మీదారు. అన్నదమ్ములు కలిసియున్నపుడు పెద్దవాని పేరనే పట్టా యుండుట పరిపాటి. తక్కినవారు హక్కు గలవారయ్యును పేరులేనివారగుదురు. అసామీ శిక్మీ వేరు. అతడు కౌలుదారు, లేదా భూమిని స్వాధీనపరచుకొన్న తనఖాదారు. ఈ రెండు మాటలను కలగలిపినచో తమ్ముడు కౌలుదారుగను, కౌలుదారు వాటాదారుగను దోచుట సంభవించును.

1948లో సంస్థానము భారతదేశమున చేరినను ఈ మాట పోలేదు. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టాదారు పాసుపుస్తకముల చట్టము పేరులోనే నిలిచినది. పట్టాదారు మరణించినపుడు విరాసత్ చేయించుకొననియెడల దస్తావేజులో మృతుని పేరే యుండును. పేరుమార్పు శిస్తుబాధ్యతను దెలుపునే గాని వాటాల తగవును దీర్పదు. అది సివిలు న్యాయస్థానమున తేలవలసినది. అచ్చట క్రయపత్రము, పంపకపు కాగితము, సేత్వారు నకలు అడుగుదురు గనుక వానిని పట్టాతోపాటు ఒకేచోట దాచుకొనవలెను.