సూది కంటే ముందు మోకాలు చూడండి

బీపీటీ ఆఖరి ఏడాదిలో ఉన్నారా? అయితే మీ వాట్సప్ గ్రూపులోకీ ఇలాంటి పోస్టర్ వచ్చే ఉంటుంది: ‘రెండు రోజుల్లో డ్రై నీడ్లింగ్, సర్టిఫికెట్ గ్యారంటీ’. ఫీజు కోసం ఇంట్లో అడిగే ముందు ఒక్క నిమిషం ఆగండి.

కండరంలో ముడిలా గట్టిపడి, నొక్కితే నొప్పెట్టే చోటును ట్రిగర్ పాయింట్ అంటారు. అక్కడ సన్నని సూది గుచ్చడమే డ్రై నీడ్లింగ్. మందు ఎక్కించరు, అందుకే ‘డ్రై’. నొప్పి తగ్గించడంలో సూది గుచ్చడానికే సొంత ప్రభావం ఉందని చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో రాశారు. వాడేది ఆక్యుపంక్చర్ సూదిలాంటిదే అయినా, ఇక్కడ లెక్క కండరాలది, నాడులది.

ఇక ఇంటర్వ్యూ. ‘అరవై ఏళ్ల ఆవిడ మోకాళ్ల నొప్పితో వచ్చారు, ఏం చేస్తారు?’ అని అడిగారనుకోండి. ‘నీడ్లింగ్’ అనేస్తే అక్కడే దొరికిపోతారు! ముందు వాపు, వేడి ఉన్నాయేమో చూడాలి. కాలు ఎంతవరకు ముడుస్తున్నారు, మెట్లు దిగగలరా, తొడ ముందు కండరం సన్నబడిందా, తుంటి బలం ఎలా ఉంది? నాట్లు వేసే మనిషా, రోజంతా నిలబడి వంట చేసే మనిషా అన్నదీ అడగాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో కనుక్కోకుండా సూది ముట్టుకోకూడదు.

మోకాలి అరుగుదలకు అసలు చికిత్స వ్యాయామమే. మోకాలి కింద చుట్టిన టవల్‌ను నొక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం... చూడ్డానికి చిన్నవే, కానీ వారాల తరబడి చేయించడమే మీ నైపుణ్యం. సూది అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచదు. కొందరికి కొంతకాలం నొప్పి తగ్గుతుంది, ఆ వెసులుబాటులో వ్యాయామం చేయించుకోవాలి. నన్నడిగితే, సూది కంటే ఆవిడతో ఆ వ్యాయామాలు మానకుండా చేయించడమే కష్టం.

నేర్చుకోవద్దని కాదు. బీపీటీలో అనాటమీ గట్టిగా చదివి, పేషెంట్లను చూశాక నేర్చుకోండి. గుచ్చిన చోట కాస్త నొప్పి, కమిలిన మచ్చ మామూలే. ఛాతీ దగ్గర లోతు తప్పితే మాత్రం ఊపిరితిత్తికి రంధ్రం పడొచ్చు. అందుకే డబ్బు కట్టే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి అడగండి: సూది పట్టించి నేర్పేది ఎన్ని గంటలు? ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు? ఏదైనా తేడా వస్తే పక్కన ఎవరుంటారు?