మరపు - దినచర్య

వయసు మళ్లిన కొలది మనుజునకు మరపు కలుగుట సహజము. కండ్లజోడు ఎచట నుంచెనో తెలియక తాత వెదకుకొనుట, ఒక మనుమని పిలువబోయి అవ్వ వేరొకని పేరు పలుకుట ప్రతి గృహమునను కానవచ్చును. ఇట్టి మరపు వలన హాని లేదు. కాని కొందరి యందు మరపు వయసునకు తగిన దానికంటె మించి యుండును. అయినను వారు తమ పనులను తామే చేసికొనగలరు. ఈ నడిమి స్థితికి వైద్యులు 'మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్' అని పేరిడిరి. జ్ఞాపకము, ఆలోచన మున్నగు మనశ్శక్తులు స్వల్పముగా సన్నగిల్లుట యని దాని భావము. ఆ శక్తులు మరింత క్షీణించి, నిత్యకృత్యములకు ఇతరులపై ఆధారపడవలసి వచ్చినచో దానిని 'డిమెన్షియా' అందురు. కావున ఈ రెండు స్థితులకును నడుమ నున్న హద్దు దినచర్యయే.

దినచర్యను కొలుచుట యెట్లు? 1963లో సిడ్నీ కాట్జ్ అను అమెరికా వైద్యుడు తన సహచరులతో కూడి స్నానము, వస్త్రధారణము, భోజనము మొదలగు ఆరు ప్రాథమిక కృత్యములతో ఒక పట్టికను ప్రకటించెను. 1969లో లాటన్, బ్రోడీ అను నిరువురు వేరొక పట్టికను కూర్చిరి. అందు టెలిఫోను వాడుట, సరకులు కొనుట, వంట చేయుట, ఇల్లు చక్కబెట్టుట, బట్టలుతుకుట, ప్రయాణము చేయుట, మందులు వేళకు పుచ్చుకొనుట, ధనవ్యవహారములు చూచుకొనుట అను ఎనిమిది పనులు కలవు.

మనశ్శక్తి స్వల్పముగా తగ్గినవారు మొదటి పట్టికలోని పనులను సాధారణముగా చక్కగానే చేసికొందురు. స్నానము చిరకాలాభ్యాసమున అలవడిన పని. సంతకు పోయి వచ్చుట యట్టిది కాదు. కావలసిన వస్తువులను జ్ఞప్తి యందుంచుకొనవలెను, వెల లెక్క కట్టవలెను, చిల్లర సరిచూచుకొనవలెను, త్రోవ తప్పక ఇల్లు చేరవలెను. ఇన్ని శక్తులు కలిసి పనిచేయవలసి యుండుటచే, లోపము మొదట ఇట్టి పనులయందే బయటపడును.

పరీక్షకు మూడు మార్గములు కలవు. వృద్ధుని అడుగుట మొదటిది. కాని తన లోపము ఆయనకే తెలియకపోవచ్చును, తెలిసినను అభిమానముచే దాచవచ్చును. ఇంటివారిని అడుగుట రెండవది. వారును ప్రేమచే తగ్గించియో, విసుగుచే పెంచియో చెప్పవచ్చును. పనిని ఎదుట చేయించి చూచుట మూడవది. కాని క్రొత్త తావున ఎవరైనను తడబడుదురు. అందుచే ఏ ఒక్క మార్గమును నమ్మక, లభించిన సమాచారమునంతను పోల్చి చూచుట మేలు.

ఒక దేశపు ప్రశ్నలు వేరొక దేశమునకు చెల్లవు. ఎన్నడును పొయ్యి రాజేయని తాతను వంట గూర్చి అడుగుట, చదువురాని అవ్వను బ్యాంకు లెక్కలు గూర్చి అడుగుట వ్యర్థము. ఈ కారణమున హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు నిరక్షరులైన గ్రామీణ వృద్ధుల కొరకు ప్రత్యేకముగా ఒక ప్రశ్నావళిని రూపొందించి 1999లో ప్రకటించిరి. ముఖ్యమైన పండుగలు జ్ఞాపకమున్నవా, చెప్పి పంపిన వార్తను మరువక అందజేయుదురా, ఊరిలో త్రోవ తప్పుచున్నారా అనునట్టి ప్రశ్నలు అందు కలవు.

వృద్ధుని ఇతరులతో కాక, పూర్వపు తనతోనే పోల్చవలెను. నిన్నటి వరకు పాలలెక్క చక్కగా చూచిన అవ్వ నేడు తడబడినచో అది గమనింపదగిన మార్పు. ఆ మార్పునకు మనస్సే కారణమా, కంటి పొరయా, మోకాలి నొప్పియా అనియు విచారింపవలెను.

ఈ నిర్ణయమున పొరపాటు ఏ వైపునను కూడదు. లోపమును గుర్తింపకున్నచో వృద్ధుడు ఒకే మందును రెండు మారులు మ్రింగవచ్చును. మోసగాండ్రకు ధనమును కోల్పోవచ్చును. లేని లోపమును అంటగట్టినచో చేయగల పనియు, దానితో గౌరవమును ఆయనకు దక్కకుండ పోవును. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత మున్నగునవి మరపునకు కారణములైనచో చికిత్స కలదు. ఈ స్థితి నందిన వారందరికిని డిమెన్షియా రాదు. కొందరు అట్లే యుందురు, కొందరు తిరిగి కోలుకొందురు.

కావున పెద్దల మరపును చూచి బాలురు నవ్వరాదు. మార్పును గమనించి ఇంటివారికి తెలుపవలెను. పెద్దలు చేయగల పనిని చేయనిచ్చి, చేయలేని చోట మాత్రమే చేయూత నొసగుట నిజమైన సేవ.