డిస్కులో చౌడు మడి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేస్తే, కంప్యూటరు కోర్సు బోర్డు లేని మేడ కనపడటం కష్టం. ఏ భాష కావాలన్నా అక్కడ నేర్పేవాళ్ళున్నారు. కాని మన గదిలోని కంప్యూటరు హార్డ్ డిస్కు ఒకనాడు మొండికేస్తే ఏం చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం చేయకూడదో, ఏ బోర్డు మీదా ఉండదు. ఆ సంగతి నేను కొంత నష్టపోయి నేర్చుకున్నాను. తోటి విద్యార్థులకు పనికి వస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నాది సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. డిస్కు 500 జీబీ. ఊళ్ళో మా ఇంటి పాత ఫోటో ఆల్బమ్‌కు చెదలు పట్టిందని తెలిసి, కిందటి సంక్రాంతి సెలవుల తరువాత ఆల్బమ్‌ను సంచిలో వేసుకొచ్చాను. ఊరి బస్సు ఎల్బీ నగర్ చౌరస్తాలో దింపుతుంది. అక్కడే ఒక జిరాక్సు షాపులో ఫోటోలన్నీ స్కాన్ చేయించాను. మొత్తం 214. పెన్ డ్రైవులో తెచ్చి డిస్కులోకి ఎక్కించి, పెన్ డ్రైవును ఖాళీ చేసి స్నేహితుడికి ఇచ్చేశాను. ఆల్బమ్ తిరిగి ఊరికి పోయింది, వానాకాలంలో చెదలు దాన్ని పూర్తిగా తినేశాయి. అంటే మా తాత, నాయనమ్మ, మేనత్తల పెళ్ళిళ్ళు, అన్నీ ఇక ఆ ఒక్క డిస్కు మీదే ఉన్నాయన్న మాట.

ఆగస్టులో ఒక రాత్రి ఆ ఫోల్డరు తెరవబోతే కంప్యూటరు బిగుసుకుపోయింది. డబ్బా లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. నాకు తెలిసిన విద్య ఒకటే: విండోస్‌లో చెక్‌డిస్క్ అనే ఆజ్ఞకు బాడ్ సెక్టార్లు వెదికే అక్షరం తగిలించి, రాత్రంతా నడవనిచ్చి పడుకున్నాను. తెల్లవారి చూస్తే పని సగంలో ఆగి ఉంది. చప్పుడు ఎక్కువైంది. ముందురోజు తెరుచుకున్న ఫోటోలు కూడా ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

ఇంతకీ సెక్టారు అంటే ఏమిటి? హార్డ్ డిస్కులో అయస్కాంత పూత పూసిన పళ్ళేలు నిమిషానికి 5400 లేక 7200 సార్లు తిరుగుతుంటాయి. పళ్ళెం మీద గుండ్రటి ట్రాకులు, ఒక్కో ట్రాకులో సెక్టార్లు. పొలాన్ని గట్లు వేసి మళ్ళుగా విడగొట్టినట్టే. సంప్రదాయంగా ఒక మడిలో 512 బైట్లు పడతాయి, కొత్త డిస్కుల్లో 4096. నా 500 జీబీ డిస్కులో 512 బైట్ల లెక్కన మళ్ళు 97 కోట్ల 67 లక్షల 73 వేల 168. చదివే హెడ్డు పళ్ళేనికి తగలకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ పోతుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. కనుక దుమ్ము రేణువు కూడా అక్కడ బండరాయే.

ఇన్ని కోట్ల మళ్ళలో ఒక్కటీ చౌడు పట్టకుండా ఉంటుందా? ఉండదు. బాడ్ సెక్టారు లేని డిస్కు ఫ్యాక్టరీలో కూడా పుట్టదు. 1980ల నాటి డిస్కుల పైన ఒక చీటీ అంటించి ఉండేది. ఏ హెడ్డు కింద, ఏ సిలిండరులో లోపం ఉందో దాని మీద రాసి పంపేవారు, కొన్నవాడు వాటిని వదిలి వాడుకునేవాడు. ఇప్పుడు ఆ చీటీని డిస్కు తన కడుపులోనే దాచుకుంటుంది. చూసేవాడికి అంతా నల్లరేగడే.

దాచుకోవడమే కాదు, తరువాత వచ్చే లోపాలకు కూడా ముందే ఏర్పాటు ఉంటుంది. వరి నాట్లప్పుడు మా నాయిన మడి మూలన కొంత నారు మిగిల్చి ఉంచుతాడు. వారం పది రోజుల తరువాత ఎక్కడ కుదురు చస్తే అక్కడ ఆ నారు తీసి నాటుతారు. డిస్కు కూడా అట్లాగే కొన్ని సెక్టార్లను మిగిల్చి ఉంచుకుంటుంది. ఒక సెక్టారు చెడితే దాని నంబరును మిగులు సెక్టారుకు ఇచ్చేస్తుంది. దీన్ని రీమ్యాపింగ్ అంటారు. మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. నేను తెలియక చెడింది ఇక్కడే. చచ్చిన కుదురు స్థానంలో ఏ వరి కుదురు పెట్టినా ఒకటే. కాని సెక్టారులో ఉన్నది మన డేటా. చదవరాని సెక్టారును మార్చాలంటే కొత్త చోట ఏం రాయాలి? డిస్కుకు తెలియదు. అందుకని దాన్ని మార్చకుండా 'పెండింగ్' అని గుర్తు పెట్టుకొని ఊరుకుంటుంది. మనం ఎప్పుడో ఆ చోట కొత్తగా ఏదైనా రాస్తే అప్పుడు పరీక్షించి, పనికొస్తే అదే వాడుతుంది, లేకుంటే మిగులు సెక్టారుకు మారుస్తుంది. ఏది జరిగినా పాత డేటా పోయినట్టే.

డిస్కును తీసుకొని నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేరు షాపుకు పోయాను. పేరు ఎందుకు లెండి. "తమ్ముడూ, ఫుల్ ఫార్మాట్ కొడితే కొత్తదాని లెక్క అయితది" అన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఫుల్ ఫార్మాట్ అంటే అన్ని సెక్టార్లలోనూ సున్నాలు రాయడం. రాయగానే పెండింగ్ లెక్క సున్నా అవుతుంది, డిస్కు ఆరోగ్యంగా కనపడుతుంది. మా తాత మాత్రం ఉండడు. ఆ రోజు జేబులో డబ్బులు లేక "రేపొస్తానన్నా" అని తిరిగి వచ్చాను. జీవితంలో డబ్బు లేకపోవడం మేలు చేసింది అప్పుడొక్కసారే.

డిస్కు చదివేటప్పుడు ప్రతి సెక్టారు వెనుకా కొన్ని అదనపు బిట్లు ఉంటాయి. 7, 4, 9 అని రాసి పక్కన మొత్తం 20 అని రాసుకుంటే, మధ్యలో అంకె చెరిగినా మొత్తాన్ని బట్టి 4 అని చెప్పగలం కదా, ఆ సూత్రమే బాగా పెరిగి ఇక్కడ పనిచేస్తుంది. బెల్ లాబొరేటరీలో రిచర్డ్ హామింగ్ 1950లో ఈ విద్యకు దారి వేశాడు. వారాంతంలో తన లెక్కలు యంత్రానికి అప్పగించి పోతే, అది ఒక తప్పు కనపెట్టి మొత్తం పనిని వదిలేసేదట. తప్పు ఉందని తెలిసినప్పుడు ఎక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా అన్న విసుగులోంచి పుట్టిందది. 1960లో రీడ్, సోలమన్ రూపొందించిన కోడ్‌లు డిస్కుల్లో చాలాకాలం వాడారు. మనవాళ్ళకు కూడా ఇందులో వాటా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు గారు 1947లో ఆర్థోగనల్ అరేలను ప్రవేశపెట్టారు. ఏ విత్తనానికి ఏ ఎరువు, ఎంత నీరు అన్న మాదిరి ప్రయోగాలను తక్కువ మళ్ళలో ఎట్లా పూర్తిచేయాలన్నది ఆ శాస్త్రం తేల్చే ప్రశ్న. ఆ అరేలూ తప్పులు దిద్దే ఈ కోడ్‌లూ గణితంలో దగ్గరి చుట్టాలు. పొలం లెక్కకూ డిస్కు లెక్కకూ చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ దిద్దుబాటుకు మించి సెక్టారు పాడైతే డిస్కు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ టిక్కు టిక్కు హెడ్డు వెనక్కి పోయి రావడం. పళ్ళెం మీద గీత పడి ఉంటే ప్రతి ప్రయత్నమూ ఆ గీతను పెంచవచ్చు. రాలిన పొడి పక్క ట్రాకులకు పాకుతుంది. రాత్రంతా నేను చేయించిన పని అదే. చెక్‌డిస్క్ చెడ్డదని నేను అనను. కరెంటు పోయి ఫైళ్ళ పట్టిక చిందరవందరైతే దాన్ని సర్దేది అదే. కాని అది చూసుకునేది పట్టిక పొందికను. అందుకోసం దెబ్బతిన్న ఫైలును కత్తిరించడానికి కూడా వెనుకాడదు.

అన్ని లోపాలూ ఒక జాతివి కావు. రాస్తుండగా కరెంటు పోతే సెక్టారులో సగం కొత్తది, సగం పాతది మిగిలి చదవరాకుండా పోతుంది. అక్కడ నేల బాగానే ఉంది, తిరిగి రాస్తే సరిపోతుంది. గీత పడింది అట్లా కాదు. ఇంకొన్నిసార్లు డిస్కు తప్పే ఉండదు, కేబుల్ వదులై ఉంటుంది. ఏది ఏమిటో తెలుసుకోవడానికి ప్రతి డిస్కులోనూ స్మార్ట్ అనే ఆరోగ్య పట్టిక ఉంది. అందులో 5వ వరుస రీమ్యాప్ అయినవి, 197 పెండింగ్‌లో ఉన్నవి, 199 కేబుల్ తప్పులు. విండోస్‌లో దొరికే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో 197 బదులు సి5 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. పదహారు ఆధారంగా సి అంటే 12, పన్నెండు పదహార్లు 192, దానికి 5. 199 ఒక్కటే పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి. 197 పెరుగుతుంటే మాత్రం ఆ రోజు వేరే పని పెట్టుకోవద్దు.

గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. పళ్ళేన్ని తనిఖీ చేసేటప్పుడు మొదటి లోపం బయటపడిన డిస్కు, తరువాతి 60 రోజుల్లో పూర్తిగా పోయే అవకాశం, లోపం లేని డిస్కుకంటే 39 రెట్లు ఎక్కువ అని తేలింది. అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా స్మార్ట్‌లోని నాలుగు ప్రధాన సూచనల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. పట్టిక బాగుందని ధీమాగా ఉండటానికి కూడా లేదన్న మాట.

మరి చేయవలసింది? మొదట రాయడం ఆపాలి. విండోస్ తెరిచి ఉన్నంతసేపు మనం ఏమీ చేయకున్నా అది ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది, కనుక కంప్యూటరు ఆపెయ్యాలి. తరువాత లినక్స్ ఉన్న పెన్ డ్రైవుతో లేపి, డీడీ రెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మొత్తం డిస్కును అంతే పరిమాణం గాని, అంతకు పెద్దది గాని ఉన్న మరో డిస్కు మీదికి నకలు తీయాలి. మామూలు కాపీ రాయి తగిలిన చోటే నాగలి ఆపుకొని కూర్చుంటుంది. డీడీ రెస్క్యూ అట్లా కాదు. రాయి ఉన్న చోటు వదిలేసి ముందు మెత్తటి నేల అంతా దున్నేస్తుంది. ఎక్కడెక్కడ వదిలిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. చివర తీరిగ్గా ఆ చోట్లకు తిరిగి వచ్చి అంచులనుంచి లోపలికి ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్‌ను బట్టి మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. ఏ రిపేరు చేసినా తరువాత ఆ నకలు మీదే చేయాలి. డిస్కును డీప్ ఫ్రిజ్‌లో పెట్టమనీ, మూత విప్పి చూడమనీ నాకూ ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మొదటిదానితో లోపల తేమ చేరుతుంది, రెండోదానితో దుమ్ము. డిస్కు కంప్యూటరుకు కనపడటమే మానేస్తే అది నిపుణుల పని, అంతటితో మనం చేయి తీయాలి.

ఎస్‌ఎస్‌డీలలో పళ్ళేలు, హెడ్లు ఉండవు గాని రాసి రాసి కణాలు అరిగిపోతాయి. అవి చప్పుడు చేయకుండానే ఒక్కసారిగా పోవచ్చు.

మిత్రుని దగ్గర మరో డిస్కు అరువు తెచ్చుకొని నేను నకలు మొదలుపెట్టాను. మొదటి పూటలోనే చాలా భాగం వచ్చింది. మిగిలిన కొంచెం కోసం నాలుగు రోజులు పట్టింది. 214లో 183 పూర్తిగా వచ్చాయి. 12 రాలేదు. 19 సగం సగం వచ్చాయి, ఎందుకంటే ఆ ఫోటో ఫైలు పైనుంచి కిందికి విప్పుకుంటూ వస్తుంది. మధ్యలో ముక్క పోతే అక్కడినుంచి కింద అంతా బూడిద రంగే. మా తాత ఎడ్లబండి మీద నిలబడ్డ ఫోటో అట్లాంటిదే. తలపాగా, ముఖం, చేతిలో ములుగర్ర ఉన్నాయి, కింద ఎడ్లు లేవు. దసరాకు పోయినప్పుడు ఫోన్‌లో చూపిస్తే నాయిన చాలాసేపు చూసి, "ఎడమ పక్క రాముడు, ఈ పక్క లచ్చుడు. లచ్చునికి ఒక కొమ్ము ఇరిగి ఉండె" అన్నాడు. ఆ ముక్క ఏ సెక్టారులోనూ లేదు.

ఇప్పుడు ఆ ఫోటోలు నా దగ్గర ఒక డిస్కులో, ఊళ్ళో బావ ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో ఒకచోట ఉన్నాయి. పాత డిస్కును వెంటనే పాత సామాన్లకు ఇవ్వలేదు. రీమ్యాప్ అయిన సెక్టార్లలో పాత డేటా అట్లాగే ఉండిపోతుంది, మామూలు ఫార్మాట్ దాని జోలికి పోదు. ఇక దానినుంచి రావలసిందేమీ లేదని తేలాక మూత విప్పి చూశాను. పై పళ్ళెం మీద అంచుకు దగ్గరగా వెంట్రుకంత గీత, గుండ్రంగా. లోపలి రెండు అయస్కాంతాలు ఎంత బలమైనవంటే వేలు నలిగింది. గదిలో ఇనుప బీరువా మీద పరీక్షల టైమ్ టేబుల్‌ను ఇప్పుడవే పట్టుకొని ఉన్నాయి.