ఉపాధ్యాయులకు బడి పెట్టిన వర్తకుడు

ధర్మకార్యములకు ధనమిచ్చు వర్తకులు ప్రతి దేశమునను కలరు. తన వృత్తిలో అలవడిన ఆలోచననే ధర్మకార్యమునకు వినియోగించువారు మాత్రము అరుదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి ఏక్రను పట్టణమున వ్యాపారము చేసిన లూయీ మిల్లరు అట్టివారిలో ఒకడు. ఎడిసను పేరు వినని విద్యార్థి ఉండడు. ఆ ఎడిసనుకు పిల్లనిచ్చిన మామ ఈయనయే యని ఎరిగినవారు కొద్దిమంది.

మిల్లరు 1829 జూలై 24వ తేదీన గ్రీన్‌టౌను అను పల్లెలో జన్మించెను. యౌవనమున కోతయంత్రముల కర్మాగారమున చేరి వాటి లోపములను పరిశీలించెను. నాటి యంత్రములలో కత్తి బిగిసియుండుటచే మిట్టపల్లములు గల పొలమున కోత చక్కగా సాగెడిది కాదు. మిల్లరు దానిని కీళ్లతో అమర్చి, నేల ననుసరించి లేచి దిగునట్లు చేసెను. త్రోవన పోవునపుడు పైకి మడువవచ్చును. ‘బక్ ఐ’ అను పేర ఆ యంత్రము ప్రసిద్ధి కెక్కెను. 1863లో ఏక్రనున కర్మాగారము వెలసెను. అప్పటికి మూడేండ్ల ముందు ఆ ఊరి జనసంఖ్య నాలుగు వేలకు లోపే.

ఆ ఊరి మెథడిస్టు సంఘపు ఆదివారపు బడికి మిల్లరు పర్యవేక్షకుడు. చిన్నలు, పెద్దలు ఒకే చావడిలో కూర్చుండగా ఒక తరగతి పాఠము మరియొక తరగతికి అడ్డు తగులుచుండెను. యంత్రపు లోపమును చూచిన కంటితోనే ఆయన దీనిని చూచెను. 1870 ప్రాంతమున పూర్తియైన కొత్త మందిరమున, నడుమ పెద్ద చావడి, దాని చుట్టును అర్ధవలయముగా చిన్న గదులు ఏర్పడినవి. ప్రార్థనవేళ తలుపులు తెరచిన అందరిది ఒకే సభ. మూసిన ఎవరి తరగతి వారిది. ‘ఏక్రను పద్ధతి’ అను పేర ఆ కట్టడపు తీరు అమెరికా అంతట వ్యాపించెను.

గదులు కుదిరినవి, కాని బోధించువారి మాట యేమి? వారిలో పలువురు వారమంతయు ఇతర పనులు చేసికొని ఆదివారము పాఠము చెప్పువారు. శ్రద్ధ కలదు, శిక్షణ లేదు. ఆ కొరత తీర్చుటకు మిల్లరు, జాన్ విన్సెంటు అను మతాచార్యునితో కలిసి, 1874 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రమందలి షటాక్వా సరస్సు తీరమున రెండు వారముల సభ నెలకొల్పెను. అడవిలో జరుగు భక్తిసభల ఆవేశము విద్యకు సరిపడదని విన్సెంటు మొదట శంకించెను. చెట్లనీడను భక్తియు, చదువును కలిసి సాగునని మిల్లరు పట్టుపట్టెను. ఆయన మాటయే నెగ్గెను. ఏ శాఖకు చెందిన ఉపాధ్యాయులైనను అచటికి రావచ్చును.

క్రమముగా చరిత్ర, శాస్త్రము, సంగీతము అచట చోటు చేసికొన్నవి. 1878లో విన్సెంటు ఇంటివద్దనే నాలుగేండ్లు చదువుకొను పఠనమండలిని స్థాపించెను. కళాశాల గడప త్రొక్కని స్త్రీలు, కష్టజీవులు చేతికి పుస్తకము తీసికొనిరి. తొలియేటనే చేరినవారు ఎనిమిది వేలకు మించిరి.

1886లో మిల్లరు కుమార్తె మీనాను ఎడిసను వివాహమాడెను. సంతోషము వెంట శోకమును వచ్చెను. 1898లో క్యూబా యుద్ధమున గాయపడి కుమారుడు థియొడోరు మరణించెను. మరుసటి యేడు ఫిబ్రవరి 17న మిల్లరు కన్నుమూసెను. నాటివరకు షటాక్వాకు ఆయనయే అధ్యక్షుడు.

ఆయన కర్మాగారము నేడు లేదు. ఆయన కోతయంత్రముతో కోయు రైతును లేడు. షటాక్వాలో మాత్రము నేటికిని ప్రతి వేసవియందు ఉపన్యాసములు, తరగతులు జరుగుచున్నవి. బోధించువాడు ముందు నేర్చుకొనవలెనని ఏక్రను వర్తకుడు గ్రహించిన సత్యమునకు అదియే నిలిచిన సాక్ష్యము.