"బాగానే ఉన్నాను" అనే మాట వెనక



మన గుడికి వచ్చే కుటుంబాల్లో పద్దెనిమిది దాటిన పిల్లలను "ఎలా ఉన్నావు?" అని అడిగితే, దాదాపు అందరూ చెప్పేది ఒకటే: "బాగానే ఉన్నాను." కొందరు నిజంగానే బాగుంటారు. కొందరు అమ్మానాన్నలను కంగారు పెట్టకూడదని అలా అంటారు. ఈ వ్యాసం ఆ రెండో రకం పిల్లల గురించి. మేము డాక్టర్లం కాము, వాలంటీర్లం. మాలో చాలామందిమి సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాళ్ళం. ఇంట్లో ఈ మాట ఎత్తడానికి పనికొస్తాయని కొన్ని విషయాలు ఒకచోట చేర్చాం.

ఈ తరం చూసినవి

2020 మార్చి 17 నుంచి మన అలమేడా కౌంటీలో అందరం ఇళ్ళకే పరిమితమయ్యాం. డబ్లిన్ పిల్లల చదువు ల్యాప్‌టాప్ తెరలోకి మారింది. ఆ ఆగస్టులో పిడుగులు పడి లివర్‌మోర్ అవతలి కొండలు అంటుకున్నాయి. సెప్టెంబరు 9న బే ఏరియా ఆకాశం పట్టపగలే నారింజ రంగుకు తిరిగింది. 2021 వేసవిలో ఇండియాలో కోవిడ్ రెండో వేవ్ వచ్చింది. మే 4 నుంచి అమెరికా ప్రయాణ ఆంక్షలు పెట్టింది. వెళ్తే తిరిగి రాగలమో లేదోనని ఆగిపోయిన ఇళ్ళలో, తాతయ్యల, అమ్మమ్మల చివరి చూపు వాట్సాప్ వీడియోలోనే అయింది. 2022 చివరి నుంచి టెక్ కంపెనీల్లో లేఆఫ్‌లు జోరందుకున్నాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. 2020లో హైస్కూల్లో ఉన్నవాళ్ళే ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉన్నారు.

కోవిడ్ మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. యువతపై ఆ దెబ్బ ఎక్కువగా పడిందని కూడా చెప్పింది. అంతకు కొన్ని నెలల ముందే, 2021 డిసెంబరులో, అప్పటి సర్జన్ జనరల్ డాక్టర్ వివేక్ మూర్తి యువత మానసిక ఆరోగ్యంపై దేశానికి ప్రత్యేక హెచ్చరిక జారీ చేశారు.

లోకం కష్టం ఇంట్లోకి ఎలా వస్తుంది?

మన ఇళ్ళలో ప్రపంచ సంక్షోభం చాలాసార్లు ఒక తేదీ రూపంలో వస్తుంది. హెచ్1బీ మీద ఉన్నవారి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు. చదువు ముగించి ఓపీటీలో ఉన్నవారు మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్న కుటుంబంలో హెచ్4 మీద పెరిగిన పిల్లకు 21 నిండితే ఆ హోదా పోతుంది. ఇక్కడే పుట్టిన పిల్లలకు ఈ గడువులు లేకపోయినా, రాత్రి వంటింట్లో అమ్మానాన్నలు గొంతు తగ్గించి మాట్లాడుకునేది వాళ్ళకు వినిపిస్తూనే ఉంటుంది.

ఒత్తిడి అన్నిసార్లూ చెడ్డది కాదు. పరీక్ష ముందు కాసేపు గుండె వేగంగా కొట్టుకోవడం, కార్టిసాల్ అనే హార్మోన్ పెరగడం మనల్ని సిద్ధం చేయడానికే. పని అయిపోగానే శరీరం సర్దుకోవాలి. ఎప్పుడు ముగుస్తుందో తెలియని కష్టం, మన చేతిలో లేని కష్టం అలా సర్దుకోనివ్వదు. నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. పైగా ఆలోచించి నిర్ణయం తీసుకునే మెదడు భాగం ఇరవైల మధ్య వరకూ ఇంకా ఎదుగుతూనే ఉంటుంది.

దీనికి ఫోన్ తోడవుతుంది. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ళ తర్వాత అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవారిలో, పేలుడు చోట స్వయంగా ఉన్నవారికంటే ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. ఈ మాట పిల్లలకే కాదు, హాల్లో రోజంతా న్యూస్ ఛానల్ పెట్టే మనకూ వర్తిస్తుంది.

అర్జునుడు మొదట ఏం చెప్పాడు?

గీతలో మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. ఒళ్ళు వణకడం, నోరు ఎండడం, చర్మం మండడం, గాండీవం చేజారడం, నిలబడలేకపోవడం అర్జునుడే చెప్పుకుంటాడు. ఈ రోజుల్లో డాక్టరు అడిగే లక్షణాలకు ఇవి చాలా దగ్గర. రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు "ఈ పిరికితనం నీకు తగదు, లే" అని మందలిస్తాడు. అర్జునుడు లేవడు. తన బాధ మళ్ళీ చెప్పుకుని, దారి చూపమని అడిగి, యుద్ధం చేయనని మౌనంగా ఉండిపోతాడు. అసలు బోధ అప్పుడు మొదలవుతుంది. అర్జునుడి ప్రశ్నలకు చోటిస్తూ పద్దెనిమిదో అధ్యాయం వరకూ సాగుతుంది. చివరికి కూడా "బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యి" అనే అంటాడు కృష్ణుడు.

"నీకేం తక్కువ? మేము రెండు సూట్‌కేసులతో వచ్చాం" అన్నది మన మందలింపు. ప్రేమతోనే అంటాం. కానీ అది విన్న పిల్లలు మరుసటిసారి "బాగానే ఉన్నాను" అనే చెబుతారు. మహావీరుడికే మందలింపు పనిచేయనప్పుడు, 40 అప్లికేషన్లు పంపి ఒక్క జవాబూ రాని పిల్లవాడికి ఎలా పనిచేస్తుంది?

ఇంట్లో మనం చేయగలిగేవి

మొదట వినండి. కారులో పక్కపక్కన కూర్చున్నప్పుడో, అంట్లు సర్దుతున్నప్పుడో మాట తేలిగ్గా వస్తుంది. "ఏం చేస్తావు?" కంటే "ఏది ఎక్కువ కష్టంగా ఉంది, నాన్నా?" అని అడగండి.

డబ్బు, వీసా సంగతులు పెద్దపిల్లల దగ్గర పూర్తిగా దాచకండి. ఉన్నది ఉన్నట్టు, దానికి మీరు వేసుకున్న ప్లానుతో సహా చెప్పండి. తెలియని భయం తెలిసిన కష్టం కంటే పెద్దది.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి మారిపోయినా, ఇష్టమైనవి వదిలేసినా, కారణం దొరకని తలనొప్పి, కడుపునొప్పి వస్తున్నా ఫ్యామిలీ డాక్టరుకు చూపించండి. తొమ్మిది ప్రశ్నల ఫారంతో మొదలుపెట్టి ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెబుతారు. పిల్లలు 26 ఏళ్ళు వచ్చేవరకు మీ ఇన్సూరెన్స్‌లో ఉండవచ్చు. చాలా కంపెనీల్లో ఉద్యోగులకూ, ఇంట్లోవారికీ ఈఏపీ కింద కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం. మీ హెచ్‌ఆర్ పేజీలో చూడండి.

పద్దెనిమిది నిండాక డాక్టరుగానీ కాలేజీగానీ పిల్లల అనుమతి లేకుండా సాధారణంగా మీకు వివరాలు చెప్పరు. అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలో, మీకు ఏమేం చెప్పవచ్చో తెలిపే అనుమతి పత్రాల మీద, కాలేజీకి పంపే ముందే, వాళ్ళతో మాట్లాడి, వాళ్ళకిష్టమైతే సంతకం చేయించి పెట్టుకోండి.

ఒక కష్టమైన మాట. 2019లో అమెరికాలో 15-24 ఏళ్ళ ఆసియా అమెరికన్ల మరణాల్లో మొదటి కారణం ఆత్మహత్య. అనుమానం వస్తే సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి తలుపు తెరుచుకుంటుంది. వెంటనే 988కు కాల్ గానీ టెక్స్ట్ గానీ చేయవచ్చు. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం. ఫోన్ చేసినప్పుడు దుబాసీని అడగవచ్చు. పిల్లల కోసం బెంగపడే పెద్దవాళ్ళు కూడా చేయవచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే 911. ఇండియాలో ఉన్న మనవారికి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

"నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అని చాలా ఇళ్ళు ఆగిపోతాయి. ఆ నలుగురం మనమే. షుగరు, బీపీ గురించి ప్రసాదం లైనులో మాట్లాడుకుంటున్నాం కదా, దీన్ని గురించి కూడా అంతే మామూలుగా మాట్లాడుకుందాం. ఈ వారాంతం మీ పిల్లలకు ఫోన్ చేసినప్పుడు "బాగానే ఉన్నాను" అన్నాక వెంటనే పెట్టేయకండి. ఇంకో నిమిషం లైనులోనే ఉండండి.